నాన్నకు చెప్పకుండా నేను సంతకం పెట్టొచ్చా?

ప్రశ్న: మాస్టారు గారికి నమస్కారం. మాది టంగుటూరు దగ్గర పల్లె. మా నాన్నకు 61 ఏళ్ళు. ముప్పై ఏళ్ళు పొగాకు పండించారు, ఆకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర రాత్రుళ్ళు కాపలా పడుకున్నారు కానీ ఒక్క బీడీ కూడా ముట్టలేదు. మూడు నెలలుగా దగ్గు, ఆయాసం. ఒంగోలులో ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీరు తీశారు. తర్వాత చెన్నై తీసుకెళ్తే అడినోకార్సినోమా అనే రకం ఊపిరితిత్తుల క్యాన్సర్, నాలుగో స్టేజి అన్నారు. ఈజీఎఫ్ఆర్ మ్యుటేషన్, అంటే ఆ పేరున్న జన్యువులో మార్పు ఉందట. దానికి రోజూ మాత్ర వేసుకోవాలట. ఆ మాత్రతో పాటు ఒక కొత్త ఇంజెక్షన్ ఇచ్చి చూసే క్లినికల్ ట్రయల్ నడుస్తోందని, నాన్న దానికి సరిపోవచ్చని డాక్టరు గారు చెప్పారు. సగం మందికి కొత్త మందు, సగం మందికి ఉత్తుత్తి మందు ఇస్తారట. ఇరవై పేజీల కాగితాలు ఇచ్చి వచ్చే వారం చెప్పమన్నారు. నాన్నను ప్రయోగాల ఎలుకను చేస్తారా అని మా తమ్ముడు గొడవ. అసలు కష్టం వేరే ఉంది. నాన్నకు క్యాన్సర్ అని మేం చెప్పలేదు. నిమ్ము చేసింది, నీరు పట్టింది అన్నాం. ఇప్పుడు కాగితాల మీద ఆయనే సంతకం పెట్టాలంటున్నారు. చెబితే కుంగిపోతారని భయంగా ఉంది. ఆయన బదులు నేను పెట్టొచ్చా? అసలు చేర్పించడం మంచిదేనా?
— ఒక కూతురు, ప్రకాశం జిల్లా

జవాబు:

పెట్టకూడదమ్మా. మొదటి మాటే ఇలా అన్నానని బాధపడొద్దు. మీ ఉత్తరంలో అన్నిటికన్నా బరువైన ప్రశ్న ఇదే కాబట్టి ముందు దీనికే జవాబు చెబుతున్నాను. మీ నాన్నగారు తెలివితో ఉన్నారు, మంచీ చెడూ ఎంచగలరు. అలాంటి మనిషి బదులు కూతురే కాదు, కట్టుకున్న భార్య సంతకం పెట్టినా చెల్లదు. మన దేశంలో క్లినికల్ ట్రయల్స్‌కు 2019లో వచ్చిన నిబంధనలు ఉన్నాయి. రోగి తన నిర్ణయం తాను చెప్పలేని స్థితిలో ఉంటేనే వాటి ప్రకారం ఇంకొకరు సంతకం పెట్టొచ్చు. చదువు రాకపోవడం అలాంటి స్థితి కిందికి రాదు. చదవలేని మనిషైతే ట్రయల్‌తో ఏ సంబంధమూ లేని సాక్షిని పక్కన కూర్చోబెట్టుకుని, కాగితమంతా చదివి వినిపించి, ఆయన వేలిముద్ర, సాక్షి సంతకం తీసుకోవాలి. కొన్ని కొత్త మందుల ట్రయల్స్‌లో ఈ మాటలన్నీ వీడియో కూడా తీస్తారు. జబ్బు పేరు, మందు పేరు, నష్టాలు అన్నీ ఆయన ముందే చెప్పి, అర్థమైందా అని ఆయన్నే అడుగుతారు. కాబట్టి ఆయనకు తెలియకుండా చేర్పించే దారి లేదు, ఉండకూడదు కూడా.

ఇది నేనెందుకు ఇంత గట్టిగా చెబుతున్నానో చెప్పాలి. నేను డాక్టరును కాదు. నెల్లూరులో పిల్లలకు తెలుగు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. ట్రయల్ మొదలుపెట్టాలంటే ముందు, రోగులకు అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలి. అందులో తక్కువలో తక్కువ ఏడుగురు ఉండాలి, సగం మంది ఆ ఆస్పత్రికి బయటివాళ్ళు కావాలి, వైద్యం తెలియని మామూలు మనిషి ఒకరు తప్పనిసరి. అలా మామూలు మనిషిగా నేను కొన్నేళ్ళు ఒక కమిటీలో కూర్చున్నాను. తెలుగు మాస్టారిని కాబట్టి రోగులకిచ్చే తెలుగు కాగితాలు నా దగ్గరికి వచ్చేవి.

ఒకసారి వచ్చిన కాగితంలో 'మీరు యాదృచ్ఛికీకరణ ప్రక్రియ ద్వారా కేటాయించబడతారు' అని ఉంది. ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పిన నేనే రెండుసార్లు చదువుకోవాల్సి వచ్చింది. ఆ కాగితం జేబులో పెట్టుకుని, మా వీధి చివర టీ కొట్టు ఆయనకు చదివి వినిపించాను. 'కేటాయించడమంటే ఇళ్ళ స్థలాలా మాస్టారూ?' అన్నాడు. ఆయన తప్పేముంది? ప్రభుత్వ కాగితాల్లో ఆ మాట ఆయన విన్నది అక్కడే. మీటింగులో ఆ మాట చెప్పి కాగితం వెనక్కి పంపించాం. 'మీకు ఏ మందు రావాలో డాక్టరు ఎంచరు, మీరూ ఎంచరు. బొమ్మా బొరుసా వేసినట్టు కంప్యూటర్ తేలుస్తుంది' అని మార్చి తెచ్చాక ఒప్పుకున్నాం. మీకిచ్చిన ఇరవై పేజీల్లో అలాంటి మాట కనిపిస్తే సిగ్గుపడకుండా అడగండి. రోగికి అర్థమయ్యేలా చెప్పాల్సిన బాధ్యత వాళ్ళది.

ఇక చెప్పడం సంగతి. మా పెద్దక్కకు కడుపులో ఇదే రకం క్యాన్సర్ వచ్చింది. అల్సర్ అని చెప్పాం. ఆమె ముందు నవ్వుతూ తిరిగి, వంటింట్లోకి వచ్చి ఏడ్చేవాళ్ళం. డాక్టరు దగ్గరికి ఆమెతో పాటు ఇద్దరం వెళ్ళి, ఆమెను బయట బెంచీ మీద కూర్చోబెట్టి మేం లోపల మాట్లాడేవాళ్ళం. అక్క మా వీధిలో ఆడవాళ్ళతో చీటీ నడిపేది. ఆమె పోయాక లెక్క తేల్చడానికి చీటీ పుస్తకం తీశాను. ఆమె వంతుగా కట్టాల్సిన ఐదు నెలల డబ్బూ ఒక్కసారే కట్టేసినట్టు, చేతులు వణుకుతూ రాసిన గుండ్రటి అక్షరాల్లో ఉంది. పక్కన తేదీ చూశాను. స్కాన్ తీయించి అల్సర్ అని చెప్పిన తర్వాతి సోమవారం. అప్పటికే ఆమెకు తెలుసు. తెలిసి, మేం బాధపడతామని మా ముందు నటించింది. ఏడు నెలలు ఆమెతో ఒక్క నిజమైన మాట మాట్లాడకుండా గడిపాం. ఆమె ఏం కోరుకుందో, ఏం వద్దనుకుందో ఈ రోజుకీ నాకు తెలియదు.

మీ నాన్నగారికీ ఏమీ తెలియదని అనుకోవద్దు. ఊపిరితిత్తి నుంచి నీరు తీయించుకున్నారు, ముక్క పరీక్ష (బయాప్సీ) చేయించుకున్నారు, చెన్నైలో క్యాన్సర్ డాక్టరు గది బయట కూర్చున్నారు. బోర్డు ఇంగ్లీషులో ఉన్నా పక్కన కూర్చున్న వాళ్ళను చూస్తే తెలిసిపోతుంది. కాబట్టి చెప్పడం కన్నా ముందు అడగండి. భోజనమయ్యాక, ఇంట్లో వేరే వాళ్ళు లేనప్పుడు, 'నాన్నా, నీ జబ్బేంటని నీకు అనిపిస్తోంది?' అనండి. ఆయన చెప్పేది మధ్యలో అడ్డుపడకుండా వినండి. సగం ఆయనే చెబుతారు. మిగిలిన సగం మీరు చెప్పండి. గడ్డ, నీరు, నిమ్ము అంటూ చుట్టూ తిరగకుండా క్యాన్సర్ అనే మాట ఒక్కసారైనా అనండి. ఆ వెంటనే, రోజూ వేసుకునే మాత్ర ఉందని, ఆయన ముక్క పరీక్షలో అది పనిచేసే గుర్తు దొరికిందని చెప్పండి. అది నిజం, ధైర్యం చెప్పడానికి కల్పించిన మాట కాదు. పూర్తిగా నయమవుతుందని మాత్రం చెప్పొద్దు. నాలుగో స్టేజిలో మందులు జబ్బును అదుపులో పెట్టి ఆయుష్షు పెంచుతాయి, దాన్ని పెరికి పారేయవు. ఎన్నాళ్ళు అని ఆయన అడిగితే, మీరు లెక్క చెప్పకుండా డాక్టరు గారినే అడుగుదామనండి. మీకు నోరు రాకపోతే డాక్టరు గారినే చెప్పమని అడగొచ్చు, వాళ్ళకు అది అలవాటు. కానీ ఆ గదిలో ఆయన పక్కన మీరు ఉండండి.

మీ తమ్ముడి కోపాన్ని తీసిపారేయకండి. దానికి మన దగ్గరే కారణాలున్నాయి. 2009లో ఖమ్మం జిల్లాలో వేల మంది ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా టీకా వేశారు. పేరుకు ట్రయల్ కాదన్నారు. కొందరు పిల్లలు చనిపోవడంతో 2010లో ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. కానీ 2013లో పార్లమెంటు కమిటీ తప్పు పట్టింది వేరే విషయంలో. చాలా కాగితాల మీద తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు పెట్టేశారు. ఆ పిల్లల అమ్మానాన్నలకు ఏం జరుగుతోందో తెలియదు. ఆ గొడవల తర్వాతే నిబంధనలు గట్టిపడ్డాయి. మీ తమ్ముడికి ఈ సంగతి చెప్పి, నాన్నకు చెప్పకుండా మనం సంతకం పెడితే మనం చేసేదీ అదే అవుతుందని చెప్పండి. ప్రేమతో పెట్టినా ఇంకొకరి సంతకమే.

ఎలుక అన్న మాటకు ఇంకో జవాబు ఉంది. మీ నాన్నగారు వేసుకోబోయే మాత్ర రకం ఎలా వచ్చిందో ఆయనకు చెప్పండి. జెఫిటినిబ్ అనే మాత్ర ఇరవై ఏళ్ళ కిందట మొదట వచ్చినప్పుడు కొందరికి అద్భుతంగా పనిచేసింది, ఎక్కువ మందికి చేయలేదు. ఎందుకో ఎవరికీ తెలియదు. 2004లో ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో మార్పు ఉన్నవాళ్ళలోనే అది బాగా పనిచేస్తోందని కనిపెట్టారు. 2005లో, ఎవరైతేనేం అని 1,692 మందికి పెట్టి చూసిన ట్రయల్‌లో మొత్తం మీద ఆయుష్షు పెరగలేదు. తర్వాత తూర్పు ఆసియా దేశాల్లో ఊపిరితిత్తుల అడినోకార్సినోమా ఉన్నవాళ్ళు, పొగ తాగనివాళ్ళు లేదా ఎప్పుడో కాస్త తాగి మానేసినవాళ్ళు 1,217 మంది ఒక ట్రయల్‌లో చేరారు. 2009లో ఫలితం వచ్చింది. ఆ మార్పు ఉన్నవాళ్ళకు కీమో కన్నా మాత్ర మేలు చేసింది. మార్పు లేనివాళ్ళకు మాత్ర ఇస్తే జబ్బు ఇంకా త్వరగా ముదిరింది. మీ నాన్నగారి ముక్కను చెన్నైలో మ్యుటేషన్ పరీక్షకు పంపించారంటే ఆ వేల మంది పుణ్యమే. ఆ తూర్పు ఆసియా ట్రయల్‌లో బీడీ ముట్టని మీ నాన్నగారిలాంటి వాళ్ళే ఎక్కువ. పొగ తాగనివాళ్ళకు వచ్చే ఊపిరితిత్తుల క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది ఈ రకమే కాబట్టి, నేనేం పాపం చేశానని ఆయన అంటే ఏ పాపమూ చేయలేదని చెప్పండి.

అయితే కొత్తది కాబట్టి మేలు చేసి తీరుతుందని కూడా అనుకోకూడదు. ముంబయి టాటా మెమోరియల్ ఆస్పత్రిలో ఇదే మ్యుటేషన్ ఉన్న 350 మందితో చేసిన ట్రయల్ ఫలితం 2020లో వచ్చింది. సగం మందికి జెఫిటినిబ్ ఒక్కటే ఇచ్చారు, సగం మందికి దానితో పాటు కీమో ఇచ్చారు. మాత్ర ఒక్కటే వేసుకున్నవాళ్ళలో సగం మందికి 8 నెలల్లోపే జబ్బు మళ్ళీ ముదిరింది. కీమో కలిపినవాళ్ళలో ఆ గడువు 16 నెలల దాకా జరిగింది. అదే కాగితంలో ఇంకో లెక్క కూడా ఉంది. తీవ్రమైన దుష్ఫలితాలు మాత్ర వాళ్ళలో పావు వంతు మందికి వస్తే, కీమో కలిపినవాళ్ళలో సగం మందికి వచ్చాయి. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూసి, నాకు ఇది కావాలి, నాకిది వద్దు అనాల్సింది మందు ఒంట్లోకి ఎక్కించుకునే మనిషే. అందుకే సంతకం ఆయనది కావాలంటున్నాను.

ఆయన పొగాకు రైతు కదా, ట్రయల్ అంటే ఏంటో మనకన్నా ఆయనకే బాగా తెలుసు. ఒకే చేలో సగం పాత వంగడం, సగం కొత్త వంగడం వేసి, నీరు, ఎరువు ఒకే రకంగా పెట్టి చూస్తారు. అలా చూస్తేనే ఆకులో తేడా విత్తనానిదో, మట్టిదో తెలుస్తుంది. ఇక్కడా అంతే. ఉత్తుత్తి మందు అనగానే మీరు భయపడ్డట్టున్నారు. మీరు రాసిన దాన్ని బట్టి రెండు గుంపులకూ అసలు మాత్ర ఉంటుంది. దాని పైన ఒకరికి కొత్త ఇంజెక్షన్, ఇంకొకరికి మందు లేని ఇంజెక్షన్. వైద్యం మానేసి ఉత్తి నీళ్ళు ఎక్కించడం కాదు. అయినా నా మాట మీద వదిలేయకండి.

చెన్నైలో డాక్టరు గారిని ముందుగా ఈ ఒక్క మాట అడగండి: 'ఈ ట్రయల్‌లో చేరకపోతే మా నాన్నకు మీరు ఏం మందు ఇస్తారు?' అదే మందు ట్రయల్‌లో రెండు గుంపులకూ ఉందా లేదా అన్నది కాగితంలో వేలు పెట్టి చూపించమనండి. ఉంటే, కొత్తది రాకపోయినా ఆయన మామూలుగా దొరికే వైద్యాన్ని పోగొట్టుకోరు. ట్రయల్‌లో ఇచ్చే మాత్రకన్నా మెరుగైన మాత్ర బయట ఇప్పటికే వాడుకలో ఉందని డాక్టరు చెబితే, ఎందుకు చేరాలో మళ్ళీ ఆలోచించుకోవాలి. కమిటీలో నేను ప్రతి కాగితం మీదా మొదట వెతికింది ఈ జవాబే. ఎన్నో పేజీలు ఉంటాయి గానీ ఈ ఒక్క వాక్యం కొన్నిసార్లు ఎక్కడో పద్నాలుగో పేజీలో దాక్కుని ఉంటుంది.

ఫేజ్ ఎంతో కూడా చూడండి. ఒకటో ఫేజ్ అంటే ఎంత మోతాదు మనిషి తట్టుకోగలడో చూసేది. రెండోది పనిచేసే సూచనలున్నాయా అని చూసేది. మూడోది ఇప్పుడున్న వైద్యంతో పోటీపెట్టి చూసేది. మూడింటికీ ఒకే ఆశ పెట్టుకోకూడదు.

మీ వీధిలో ఎవరో ఒకరు, ఫలానా ఆయనకు పెద్దపేగులో అడినోకార్సినోమా, ఇంజెక్షన్‌తో తగ్గిపోయింది అంటారు. అడినో అంటే గ్రంథుల్లా స్రావాలు తయారుచేసే కణాల నుంచి పుట్టిందని అర్థం. ఊపిరితిత్తి, కడుపు, పెద్దపేగు, క్లోమం, రొమ్ము, ప్రోస్టేట్ ఎక్కడైనా రావచ్చు. ఇంటిపేరు ఒకటే, మనుషులు వేరు. ఒకరి మందు ఇంకొకరికి పనికొస్తుందని లేదు.

ట్రయల్ నిజమైనదేనా అని తెలుసుకోవడం తేలిక. మన దేశంలో జరిగే ప్రతి ట్రయల్‌కూ సీటీఆర్ఐ నంబరు ఉండాలి. పొగాకు పండించే ఇళ్ళలో సీటీఆర్ఐ అంటే రాజమండ్రి పొగాకు పరిశోధన కేంద్రమే గుర్తొస్తుంది, మీ నాన్నగారు కూడా అదే అనుకుంటారు. ఇది క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ. 2007లో మొదలైంది, 2009 నుంచి అందులో నమోదు తప్పనిసరి. ఆ నంబరు తీసుకుని మీ తమ్ముణ్ణి ఫోన్‌లో వెతకమనండి. ఏ ఆస్పత్రుల్లో జరుగుతోంది, ఎంత మందిని తీసుకుంటున్నారు, ఏ ఎథిక్స్ కమిటీ ఒప్పుకుంది అన్నీ కనిపిస్తాయి. గొడవపడే మనిషికి పని అప్పజెబితే గొడవ సగం తగ్గుతుంది.

డబ్బు సంగతి మొహమాటపడకుండా అడగండి. కొత్త మందుకు మీ దగ్గర డబ్బు తీసుకోకూడదు. అసలు మాత్ర, స్కాన్లు, రక్తపరీక్షలు, రానుపోను చార్జీలు ఎవరు పెట్టుకుంటారో కాగితంలో రాసి ఉండాలి, నోటిమాట చాలదు. నెలకు ఎన్నిసార్లు చెన్నై రావాలో లెక్కేయండి. టంగుటూరు నుంచి మూడు వారాలకోసారి ఒక ఆయాసం మనిషిని తీసుకెళ్ళడమంటే ఒకరు పని మానుకోవాలి. మందు వల్ల ఏదైనా హాని జరిగితే దానికి వైద్యం ఉచితంగా చేయాలి, హాని ట్రయల్ వల్లేనని తేలితే పరిహారం ఇవ్వాలి. అర్ధరాత్రి జ్వరమొస్తే ఎవరికి ఫోన్ చేయాలో నంబరు రాయించుకోండి, ఒంగోలులో ఏ ఆస్పత్రికి వెళ్ళాలో కూడా ముందే మాట్లాడుకోండి. ట్రయల్ అయిపోయాక మందు మేలు చేస్తుంటే కొనసాగిస్తారా అని అడగండి. డాక్టరు సిఫార్సు చేసి కమిటీ ఒప్పుకుంటే దానికి నిబంధనల్లో వీలుంది. ఇంట్లో ఎవరైనా ఆకు పసరో, లేహ్యమో ఇస్తుంటే దాచొద్దు. ఈ మాత్రలతో కొన్ని పడవు, లివర్ దెబ్బతింటే తప్పు ఎవరిదో తెలియకుండా పోతుంది.

ఒక సంగతి ముందే తెలుసుకోవాలి. సంతకం పెట్టినంత మాత్రాన చేరినట్టు కాదు. తర్వాత రక్తపరీక్షలు, స్కాన్లు చూసి, సరిపోకపోతే వద్దంటారు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ కాస్త ఎక్కువున్నా పక్కన పెట్టేయొచ్చు. అప్పుడు నాన్నగారు తనను వదిలేశారని అనుకోకుండా, మామూలు వైద్యం ఆగదని ముందే చెప్పి ఉంచండి. చేరాక ఎప్పుడైనా, కారణం చెప్పకుండా బయటికి రావచ్చు. దానివల్ల ఆ ఆస్పత్రిలో ఆయన వైద్యానికి లోటు రాకూడదు. ఈ మాట కాగితంలో ఉంటుంది, వెతికి గీత గీసి పెట్టుకోండి. సంతకాలయ్యాక ఒక కాపీ మీ చేతికివ్వాలి. ఇవ్వకపోతే అడిగి తీసుకోండి.

చేర్పించడం మంచిదేనా అన్నారు. మీరు రాసిన వివరాలు నిజమై, రెండు గుంపులకూ అసలు మాత్ర ఉంటే, నేను మీ స్థానంలో ఉంటే చేరమనే చెబుతాను. ట్రయల్‌లో ఉన్నవాళ్ళను దగ్గరగా చూసుకుంటారు, పరీక్షలు క్రమం తప్పవు. కానీ ఆయన నేను చెన్నైకి అన్నిసార్లు తిరగలేను, మాత్ర వేసుకుని మనూళ్ళోనే ఉంటాను అంటే అది పిరికితనం కాదు, ఆయన లెక్క ఆయనది. అప్పుడు ఆయన్ని ఒప్పించడానికి చుట్టాలందరినీ పోగుచేయొద్దు.

వచ్చే వారమే చెప్పాలన్నారు కదా, గడువు చాలకపోతే ఇంకో వారం అడగండి. ఇవ్వాలి. ఈ ఆదివారం నాన్నగారితో మాట్లాడండి. మర్నాడు ఆ ఇరవై పేజీలు ఆయనకే చదివి వినిపించండి, రోజుకు ఐదేసి పేజీలు చాలు. ఆయన ఆపి అడిగిన ప్రతిదీ ఒక కాగితం మీద, ఆయన మాటల్లోనే రాసుకోండి. చెన్నైకి ముందురోజే పినాకిని రైలు ఎక్కండి, తెల్లవారి ఓపీకి పరుగులు ఉండవు. లోపలికి పిలిచినప్పుడు ఆయన్ని బయట బెంచీ మీద కూర్చోబెట్టకండి. డాక్టరు గారి ఎదురు కుర్చీలో ఆయన కూర్చోవాలి, ఆ కాగితం ఆయన చేతిలో ఉండాలి.